ఉత్త గిన్నె

మా ఇంటి వంట గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. నేను త్వరగా వండుతాను, అంతే. పొద్దున్నే సిరిసిల్లలో రుద్రంగి బస్సు అందుకోవాలి. అక్కడి దవాఖానాలో నేను నర్సును, చుట్టుపక్కల ఊళ్లు తిరిగి పిల్లలకు టీకాలు వేయడం నా పని. మా ఆయన మరమగ్గాల షెడ్లలో మోటార్లు బాగుచేస్తాడు. ఏ మగ్గం ఎప్పుడు ఆగిపోతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఆయన తిండికి వేళంటూ లేదు. పాపకు బడి. అందరి డబ్బాలూ ఒక్క పొయ్యి మీద, బస్సు రాకముందే తయారవ్వాలి. అందుకే మా ఇంట్లో టమాట అన్నం ఒక రోజు, పప్పుచారు ఒక రోజు, ఇంకేదీ కుదరకపోతే వేడన్నంలో ఎల్లిపాయ కారం, కాస్త నూనె. ఆడదన్నాక రెండు కూరలైనా చేయాలని నాకు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరూ బస్సు పట్టుకునేవాళ్లు కారు.

ఒక్క సర్వపిండి విషయంలో మాత్రం నేను ఎవరికీ తీసిపోను. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, దంచిన వెల్లుల్లి, కారం, సన్నగా తరిగిన ఉల్లికాడలు వేసి కలిపి, ముద్దను గిన్నె లోపలి గోడలకు పల్చగా ఒత్తాలి. వేలితో అక్కడక్కడా బొక్కలు పెట్టి, ఆ బొక్కల్లో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్న సెగ మీద ఉంచాలి. ఒకటి కాలాక ఆ వేడి గిన్నెలో రెండోది ఒత్తలేం, చెయ్యి కాలుతుంది. నేను రెండు గిన్నెలు పెట్టుకుంటాను. ఒకటి పొయ్యి మీద కాలుతుంటే రెండోది నల్లా కింద చల్లారుతుంటుంది. ఆ సందులో పాపకు జడలు కూడా వేసేస్తాను. పొయ్యి మీద ఇంత చక్కగా కాల్చుకు తినే మనకు ఓవెన్ లేదని చిన్నతనం దేనికో నాకు అర్థం కాదు.

కేకు కూడా అలాగే చేస్తాం. జగిత్యాలలో ట్రైనింగ్ చేసేటప్పుడు గదిలో నేర్చుకున్నాను. కుక్కర్ అడుగున దొడ్డుప్పు పోసి, మూత రబ్బరు, విజిల్ తీసేసి, లోపల గిన్నె పెట్టి మూసేయడమే. బొంబాయి రవ్వ, పెరుగు, చక్కెర, నూనె, చిటికెడు వంటసోడా. గుడ్డు అక్కర్లేదు, మైదా అక్కర్లేదు. ఆ ఉప్పు ఒక డబ్బాలో దాచుకుని మళ్లీ మళ్లీ వాడతాను, కాలి కాలి మట్టిరంగుకు వచ్చింది.

ఇక అసలు సంగతి. మాది కథలాపూర్ దగ్గర ఒక ఊరు. ఊరి చివర ఒక వాడ, వాడకు ఒక చిన్న చర్చి. మేం ఆ వాడవాళ్లం. ఊళ్లో పెద్ద ఇళ్లవాళ్లు మా ఇళ్లలో మంచినీళ్లు ముట్టరు. ఇదంతా పాతకాలం ముచ్చట అనుకునేవాళ్లు ఒకసారి మాతో పాటు అద్దె ఇల్లు వెతకడానికి రావాలి. పెళ్లైన కొత్తలో కోరుట్లలో, తర్వాత సిరిసిల్లలో ఎన్ని గడపల ముందు నిలబడ్డామో. గదులు చూపిస్తారు, నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్తారు, గేటు దాకా వచ్చాక "ఇంతకు మీరేంటోళ్లు?" అంటారు. మేం చెప్తాం. అప్పుడు వాళ్ల తమ్ముడో మరిదో ఆ ఇంట్లోకి దిగబోతున్నాడని వాళ్లకు ఉన్నట్టుండి గుర్తొస్తుంది.

ఇప్పుడున్న ఇంటి ఓనరమ్మ అలా చేయలేదు. మగ్గాలున్న ఇల్లు వాళ్లది, కింద వాళ్లు, మీద మేము. మేమెవరమో తెలిసే "నౌకరి చేసేటోళ్లు, నీటుగ ఉంటరు" అని తాళంచెవి ఇచ్చింది. నేను ఆమెను పెద్దమ్మా అంటాను, ఆమె నన్ను బిడ్డా అంటుంది. పాపకు జ్వరమొచ్చి నేను డ్యూటీ మానలేకపోయిన రోజు ఆమె పైకొచ్చి దాని పక్కనే కూర్చుంది. నేను రోజూ బస్సుకు పోతూ ఆమెకు బీపీ చూస్తాను. చూడగానే "నీ చెయ్యి సల్లగుండ" అని దీవిస్తుంది.

పండగొస్తే ఆమె మాకు పంపేది. పులిహోర, గారెలు, బతుకమ్మకు సత్తుపిండి. అన్నీ వాళ్ల ఇంటిపేరు చెక్కిన స్టీలు గిన్నెలో వచ్చేవి. మా దిక్కు ఎవరైనా గిన్నెలో ఏదైనా పంపితే ఆ గిన్నెను ఉత్తగా తిరిగివ్వరు. ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. మొదటిసారి నేను గిన్నె కడిగి ఇవ్వబోతే పెద్దమ్మే నవ్వుతూ చెప్పింది.

"ఉత్తగ ఇయ్యద్దు బిడ్డా. మంచిది గాదు."

అందుకని తర్వాతిసారి వేడివేడిగా సర్వపిండి కాల్చి, ముక్కలు చేసి, ఆ గిన్నె నిండా పెట్టి ఇచ్చాను. అంత మనసుపెట్టి ఇంట్లోవాళ్లకు కూడా ఎన్నడూ చేయలేదు.

మర్నాడు పొద్దున బస్సుకు దిగుతుంటే గేటు పక్కన కుడితి బకెట్ ఉంది. బర్రెలున్న ఒకావిడ వచ్చి మా వాడకట్టులో ఇంటింటి కుడితి తీసుకుపోతుంది. ఆ కుడితిలో నా సర్వపిండి తేలుతోంది. ముక్క కూడా కొరకలేదు. నేను వేలితో పెట్టిన బొక్కలు పెట్టినట్టే ఉన్నాయి. ఎవరి వేలి బొక్క వాళ్లకు తెలుస్తుంది. నేను అక్కడ నిలబడిపోయాను, బస్సు పోయింది. ఆ రోజు ఆటోలు మారుతూ రుద్రంగి చేరేసరికి నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఆమె చెయ్యి పట్టుకుని బీపీ చూస్తే ఫర్వాలేదు. వాళ్ల మనవరాలికి నా చేత్తో సూది వేస్తే ఫర్వాలేదు. అదే చెయ్యి పిండి కలిపితే అది బర్రెలకు పోవాలి.

సాయంత్రం పెద్దమ్మ మెట్ల దగ్గర పలకరించింది, ఎప్పటిలాగే ప్రేమగా.

"నౌకరి చేసుకుంట గీ తిప్పలెందుకు బిడ్డా? గిన్నెల జెరంత చక్కెర పోసిస్తే సాలు గదా."

చక్కెర అంటే అంగడి నుంచి వచ్చింది. వండింది కాదు. ఆ ఒక్క మాటతో నాకు మొత్తం అర్థమైంది. మా ఆయనకు చెప్పాను.

"పొయ్యరాదు మరి చక్కెర. గీ ఇల్లు దొరుకుడు ఎంత కష్టమైందో మర్శిపోయినవా?"

"మర్శిపోలేదు."

"మరి? పాప బడి గీడనే ఉంది. ఇడిసిపెట్టుమంటే యాడికి పోదాం?"

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు, అదే నాకు మరింత కోపం తెప్పించింది. అమ్మకు ఫోన్ చేస్తే ఆమె కూడా చక్కెరే పొయ్యమంది. అమ్మ నాట్లకు పోయేది, ఇప్పటికీ పోతుంది. ఆ రోజుల్లో దొరలింటి చల్ల ఆమె దోసిట్లోనో, ఆమె సొంత ముంతలోనో పైనుంచి పోసేవాళ్లు. వాళ్ల గిన్నె ఆమె చేతికి ఎన్నడూ ఇవ్వలేదు. అందుకే తిరిగిచ్చే గిన్నెలో ఏం పెట్టాలన్న చిక్కు ఆమెకు రాలేదు. నాకు గిన్నె ఇచ్చారు. ఇచ్చాక నేను అందరు మనుషుల్లాగే తిరిగిస్తాను, చక్కెర పోసి బతిమాలుకోను అని నిశ్చయించుకున్నాను. బతుకమ్మకు వచ్చిన గిన్నెను కడిగి అల్మారాలో బోర్లించాను. అది అక్కడే ఉండిపోయింది. ఉత్తగా ఇవ్వకూడదు, చక్కెర పోసి ఇవ్వను.

"మా గిన్నె మీ దగ్గరనే ఉన్నట్టుంది బిడ్డా" అని పెద్దమ్మ అప్పుడప్పుడు అనేది. "ఉంది పెద్దమ్మా, ఇస్త" అని బస్సుకు పరుగెత్తేదాన్ని.

క్రిస్మస్ వచ్చింది. నిరుడు మా ఆయన బేకరీ నుంచి కేకు తెచ్చి, డబ్బా దారం కూడా విప్పకుండా కింద ఇచ్చాడు. దాన్ని వాళ్లు తిన్నారు. ఈసారి పాప ఒప్పుకోలేదు. అది ఐదో తరగతి, పెద్దమ్మ మనవరాలు దాని క్లాసే, ఇద్దరూ ఒక ఆటోలో బడికి పోతారు. ఆ పిల్లకు తను చేసిన కేకు తినిపిస్తానని మాటిచ్చిందట. రవ్వ తనే కొలిచింది, పెరుగు తనే గిలకొట్టింది, టూటీ ఫ్రూటీలు సగం నోట్లో, సగం గిన్నెలో వేసింది. కుక్కర్ ముందు స్టూల్ వేసుకుని కూర్చుంది. మూత తీసేసరికి ఇల్లంతా వాసన, పైన బంగారు రంగు. అది ఎగిరిన ఎగురుడు చూస్తే నా కడుపు నిండిపోయింది.

మా ఆయన అప్పుడే బయటి నుంచి వచ్చాడు, చేతిలో బేకరీ డబ్బా. తెరిచి చూస్తే ఖాళీ.

"గీంట్ల పెట్టి దారం కట్టియ్యి" అన్నాడు మెల్లగా. "తింటరు. పాప గూడ ఖుషైతది."

ఆయన ఉద్దేశం మంచిదే. బిడ్డ మనసు నొచ్చుకోకూడదని బేకరీవాణ్ని అడిగి ఖాళీ డబ్బా తెచ్చిన తండ్రిని ఏమంటాం? కానీ పాప ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి నన్ను అడిగింది.

"అమ్మా, నేనే చేసిన అని చెప్పద్దా?"

ఆ మాటకు జవాబుగా ఆ డబ్బాను నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేశాను. అల్మారాలోంచి పెద్దమ్మ గిన్నె తీశాను. కేకు కోసి అందులో పేర్చాను. "నడువు, చెప్పే ఇద్దాం" అన్నాను. మా ఆయన మెట్ల దాకా వచ్చి అక్కడ నిలబడ్డాడు.

కింద వాకిట్లో పెద్దమ్మ ఎండకు కూర్చుని ఉంది, పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు కూడా ఉన్నారు. మనవరాలు పాపను చూసి పరుగెత్తుకొచ్చింది.

"పెద్దమ్మా, మీ గిన్నె. కేకు మా పాప చేసింది, మా ఇంట్లనే, కుక్కర్ల" అన్నాను.

"అయ్యో, గింత చిన్నపిల్లనా! గుడ్డు ఏసిండ్రా?"

"గుడ్డు లేదు. రవ్వ, పెరుగు."

"మంచిది. ఆడ పెట్టు బిడ్డా, ఎనుక తింటం."

"ఎనుక వద్దు పెద్దమ్మా. తింటె ఇప్పుడు తినుండ్రి. తినకుంటె నేనే మీదికి తీస్కపోత. కుడితి బకెట్ల మాత్రం ఎయ్యకుండ్రి."

పక్కింటివాళ్లు పెద్దమ్మ వైపు తిరిగారు. పెద్దమ్మ ముఖం మాడిపోయింది.

"గదేం మాట? ఇయ్యాల నాకు ఒక్కపొద్దు" అంది.

పొద్దున బీపీ గోలీ వేసుకునేముందు ఏమైనా తిన్నారా అని నేనే అడిగాను, ఇడ్లీ తిన్నానని ఆమే చెప్పింది. అది పైకి అనలేదు. మనవరాలు చెయ్యి చాపి గిన్నెలోంచి ముక్క తీసుకోబోయింది. పెద్దమ్మ ఆ చెయ్యి పట్టి వెనక్కి లాగింది. గట్టిగా కాదు, మెల్లగానే. నా బిడ్డ అది చూసింది. ఎవరెన్ని చెప్పినా ఆ లాగడాన్ని నేను క్షమించలేను.

నేను పాపను చున్నీ పట్టమన్నాను. గిన్నెలోని కేకంతా దాని ఒడిలో వేశాను. గిన్నెను పెద్దమ్మ ముందు పెట్టాను, ఉత్తగా. మా దిక్కు ఎవరూ ఎవరికీ చేయని పని అది. చేసి తలెత్తుకుని మెట్లెక్కాను.

వాళ్లు ఎందుకు తినలేదని పాప అడిగింది. దాచకుండా చెప్పాను, మా ఊరి వాడ నుంచి మొదలుపెట్టి అంతా. అది వింటూ ఏడ్చింది, ఏడుస్తూనే కేకు తింది. మా ఆయన కూడా లోపలికొచ్చి మా పక్కన కూర్చుని తిన్నాడు. తలుపు తీసే ఉంచాం.

ఇల్లు ఖాళీ చేయమంటారని రోజూ ఎదురుచూశాం. అనలేదు. బీపీ చూడటం నేను మానలేదు, చూపించుకోవడం ఆమె మానలేదు. మాటలు మాత్రం తగ్గాయి. ఉగాదికి పచ్చడి వచ్చింది, కాగితం గ్లాసుల్లో. తాగి పారేసే గ్లాసులు. తిరిగివ్వాల్సిన పనే లేదు. పెద్దమ్మ తెలివికి నవ్వొచ్చింది, ఆ నవ్వు వెనకాలే కోపమూ వచ్చింది. పచ్చడి తాగేశాం, పండగ పచ్చడి మీద అలిగితే ఎట్లా?

సాయంత్రం రెండు గిన్నెలూ తీసి సర్వపిండి కాల్చాను. నా పేరు చెక్కించిన పెద్ద స్టీలు పళ్లెంలో పెట్టి పాపతో కిందికి పంపాను. పాప ఉత్త చేతులతో తిరిగొచ్చింది. "పెద్దమ్మ తీస్కున్నది. ఏం అనలే" అంది.

మర్నాడు పొద్దున బస్సుకు పోతూ కుడితి బకెట్‌లోకి తొంగిచూశాను. బియ్యం కడుగు, కూరగాయల తొక్కలు. ఎవరు తిన్నారో, ఏం చేశారో నాకు తెలియదు. నేను అడగలేదు.

ఆ వారమంతా పళ్లెం పైకి రాలేదు. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వస్తుంటే పెద్దమ్మ గేటు దగ్గర ఎదురైంది. కొంగు సర్దుకుంది.

"బిడ్డా, నీ పల్లెం నా దగ్గరనే ఉండె..."

"ఉండనియ్యుండ్రి పెద్దమ్మా, తొందరేం లేదు" అన్నాను. "ఉత్తగ ఇయ్యద్దు గదా. చక్కెర మాత్రం పొయ్యకుండ్రి, మా ఇంట్ల ఉంది."