చీటీ మీద యాభై

1998. అబిడ్స్‌లో పోస్టాఫీసు వెనక సందులో, ఒక ఆటసామాన్ల దుకాణంలో రాకెట్లకు తీగలు బిగించేవాణ్ణి. దేశంలో పేరున్న టెన్నిస్ ఆటగాళ్ళందరి రాకెట్లూ నా చేతిమీదుగానే వెళ్ళేవి.

అందరూ అంటే, సాయంత్రాలు పొట్ట తగ్గించుకోడానికి ఆడే డాక్టర్లు, వకీళ్ళు. ఆటనే బతుకుతెరువు చేసుకున్నది ఒక్కతే. సికింద్రాబాద్‌లో మిషన్ స్కూలు టీచరమ్మ కూతురు ప్రమీల. పంతొమ్మిదేళ్ళు. ఊరూరా టోర్నమెంట్లు తిరిగి, ర్యాంకు పెంచుకుని, పెద్ద పోటీల్లో ఆడాలని పట్టుదల.

తీగను ఎంత బలంతో లాగి కట్టామో చెప్పేది టెన్షన్. పౌండ్లలో కొలుస్తాం. కొత్త తీగ తెల్లారేసరికి కాస్త వదులవుతుంది కనుక, అడిగినదానికి రెండు పౌండ్లు కలపడం మా దుకాణం ఆనవాయితీ. నేను ఆరు కలిపేవాణ్ణి. బిగువు తీగకు బంతి తగిలితే ఖంగుమంటుంది. ఆ మోత నా పనితనమని నా గర్వం. ఆ అదురంతా మోచేతికి ఎక్కుతుందని ఆలోచించలేదు.

ఒకరోజు ప్రమీల చేతికి పట్టీ కట్టుకుని వచ్చింది.

"అంకుల్, జర ఢీలా కట్టున్రి. యాభై చాలు. మోచెయ్యి గుంజుతున్నది."

"యాభై అంటే దోమతెర బిడ్డా! గట్ల ఆడితే బంతి పోయి నాంపల్లి స్టేషన్ల పడ్తది."

ఆమె నవ్వింది. నేను యాభై ఆరు కట్టి, చీటీ మీద యాభై అని రాసి అంటించాను.

తర్వాతి టోర్నమెంటులో, ఆట మధ్యలో ఆమె చెయ్యి పైకి లేవలేదు. అక్కడ తీగలు కట్టేవాడు రాకెట్‌ను మీటరు పెట్టి కొలిచి, చీటీ చూసి, "ఇది కట్టినోడు ఎవడమ్మా?" అన్నాడట. ఆపరేషన్ అయింది. సర్వీసులో మునుపటి బలం మళ్ళీ రాలేదు. రెండేళ్ళు పెనుగులాడి ఆట మానేసింది. ఇప్పుడు లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో క్లర్కు.

అది నేను తెలియక చేసిన తప్పు. ఆడేవాళ్ళ చేతికి ఏం కావాలో ఆ చేతికే తెలుసునని దానివల్లే నేర్చుకున్నాను. ఆ తర్వాత ఒక్క పౌండు కూడా కలపలేదు.

ఇంతవరకు రాసి, మొన్న మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం తింటూ ప్రమీలకే చదివి వినిపించాను. "తెలియక" అన్నచోట చెంచా కింద పెట్టింది.

"తెల్వక ఏంది అంకుల్? మూడుసార్లు చెప్పిన. మూడోసారి దవాఖానల తీసిన ఎక్స్‌రే తెచ్చి మీ బల్ల మీద పెట్టిన. మీరు దాన్ని లైటుకు పట్టి చూసిన్రు. చూసినంక గూడ గట్లనే కట్టిన్రు."