అబూ ధీబ్ తాగని కాఫీ

అయిన్ ఖర్రూబ్ అనే కొండ ఊళ్ళో ఏ ఆడమనిషిని కదిలించినా ఇదే చెబుతుంది. రాతికట్టలు కట్టే అబూ ధీబ్ ముసలితనంలో మనసు పారేసుకున్నాడట. సలామా ఇంటి కింద చేనుకట్ట వానకు జారిపోతే, వారంలో తేలిపోయే పనిని వసంతమంతా సాగదీశాడట. ఎందుకంటే ఆ ఇంటి మిద్దె మీద సలామా చెల్లెలు ఫిద్దా బట్టలు ఆరేస్తుంది కాబట్టి. కట్ట ముగిశాక ఉతికిన అంగీ తొడుక్కుని సలామా ఇంటికి వెళ్ళాడు, పోసిన కాఫీ తాగకుండా కప్పు చాప మీద పెట్టాడు, అడగాల్సింది అడిగాడు. సలామా కాదన్నాడు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో చుక్క కాఫీ నోట పెట్టలేదు.

"పెళ్ళాం పోయి ఏడాదన్నా కాలేదమ్మా అప్పటికి" అనేది ఊట దగ్గర డబ్బా నింపుకుంటున్న ఒకావిడ.

"పోనీ చూసి చూసి ఎవర్ని అడిగాడు? ఫిద్దాని. నలభై దాటినదాన్ని."

"వయసు నలభై దాటితేనేం, నాలుక ఇంకా పదహారులోనే ఉందిగా."

అందరూ నవ్వేవాళ్ళు. సలామా పెద్దకూతురు నౌఫా మాత్రం తన వంతు కోసం గోడవారన నిలబడి, తలగుడ్డ అంచు వేలికి చుట్టుకుంటూ వినేది. ఏ మాట ఎవరు ఎక్కడ కలుపుతారో కూడా ఆమెకు తెలిసిపోయింది. కప్పు కింద పెట్టిన రోజున ఆమె మేకలను తోలుకురావడానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి అతిథుల గదిలో తండ్రి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చాప మీద నిండు కప్పు. అది తీసుకెళ్ళి దానిమ్మ మొదట్లో పారబోసింది ఆమే.

మా వైపు ఆచారం ప్రకారం, కప్పు కింద పెట్టి ఒక కోరిక కోరిన మనిషితో ఇంటాయన "తాగు, నీ మాట చెల్లింది" అనాలి. ఆ మాట వచ్చేదాకా అతను తాగడు. కాదనిపించుకున్నవాడెవడూ మళ్ళీ ఆ గడప తొక్కడు. అబూ ధీబ్ తొక్కాడు. పండగకు వచ్చాడు, కోతలయ్యాక వచ్చాడు, మేక ఈనితే వచ్చాడు. ప్రతిసారీ సలామా పొడవు ముక్కున్న కూజా ఎత్తి కాఫీ పోసేవాడు, వచ్చినవాడికి పోయకపోవడం కంటే సిగ్గుచేటు లేదు గనుక. ప్రతిసారీ అబూ ధీబ్ కప్పు అందుకుని, చాప మీద పెట్టి, వానల గురించి, మేకల గాళ్ళ జబ్బు గురించి హాయిగా మాట్లాడి వెళ్ళిపోయేవాడు. ఆరేళ్ళు. చల్లారిన కప్పు తీసుకెళ్ళే పని నౌఫాది. దానిమ్మ చెట్టు మాత్రం బాగా ఏపుగా పెరిగింది.

అబూ ధీబ్ అసలు ఈ ఊరి మనిషి కాదు. కింద లోయలో, మేకవెంట్రుకల గుడారంలో పుట్టాడు. పిల్లలు లేరు. ఆయన తండ్రి పేరు ధీబ్. పుట్టబోయే మొదటి కొడుక్కి తాత పేరే పెడతారు గదా అని కుర్రతనంలోనే అందరూ అబూ ధీబ్, అంటే ధీబ్ తండ్రి, అని పిలవడం మొదలుపెట్టారు. కొడుకు పుట్టలేదు, పేరు నిలిచిపోయింది. పిల్లప్పుడు మేకపిల్లలకు రాళ్ళతో దొడ్లు పేర్చేవాడు. ఆ చేతులు చూసి ఊరివాళ్ళు పైకి పిలుచుకొచ్చారు. మా కొండ ఏటవాలు. కట్ట లేకపోతే మట్టి లోయలోకి జారిపోతుంది, మట్టితో పాటు ఆలివ్ చెట్టు, చెట్టుతో పాటు ఇల్లు. ఊరంతా మెట్లుమెట్లుగా నిలబడి ఉందంటే ఆయన, ఆయనకు ముందు అలాంటి ఇంకొందరు పేర్చిన రాళ్ళ మీదే.

సిమెంటు ముట్టేవాడు కాదు. "నీళ్ళు దారి అడుగుతాయి, ఇవ్వకపోతే తోసేస్తాయి" అనేవాడు. రాయి ఎత్తి అటూ ఇటూ తిప్పి, సుత్తి మడమతో తట్టి, నచ్చకపోతే "నువ్వు తర్వాత రా" అని పక్కన పెట్టేవాడు. రాళ్ళతో మాట్లాడతాడని పిల్లలు ఏడిపిస్తే, "మీ అమ్మలు మీతో మాట్లాడట్లేదా, వాటికన్నా మీరేం మేలు?" అనేవాడు. ఎడమ బొటనవేలికి గోరు లేదు. పనికి బదులు నూనె డబ్బా, ఉప్పు గట్టిపెరుగు ఉండలు, ఎండు అత్తిపళ్ళు, ఏది ఇస్తే అది తీసుకునేవాడు. పెద్దవాన కురిసిన మర్నాడు ఎవరూ పిలవకుండానే కట్టలన్నీ చూసుకుంటూ తిరిగేవాడు. ఎక్కడన్నా పొట్ట ఉబ్బి కనిపిస్తే అక్కడే కూర్చుని సరిచేసి, చేను ఎవరిదో వాళ్ళకు చెప్పకుండానే వెళ్ళిపోయేవాడు.

నౌఫా తల్లీ, అబూ ధీబ్ భార్యా ఒకే చలికాలంలో పోయారు. నౌఫా తల్లి గోరీ ఉన్నది వాలులో. మూడోనాడు అక్కడికి వెళ్ళిన సలామాకు, వాననీళ్ళు పక్కకు పోయేట్టు గోరీకి పైవైపున పేర్చిన వంపు కట్ట కనిపించింది. ఎవరు పేర్చారో అడగక్కర్లేకపోయింది.

ఆ ఏడే నౌఫా బడి ఆగింది. ఊరి బడి ఏడో తరగతి దాకే. ఆపైన తఫీలా పట్నానికి వ్యానులో వెళ్ళాలి. ఇంట్లో ఆరేళ్ళ చెల్లెలు జవాహిర్, మేకలు, పొయ్యి. ఫిద్దా అత్త ఒక్కత్తే ఎంతకని చేస్తుంది? నౌఫాను ఎవరూ కసరలేదు, కొట్టలేదు. సెప్టెంబరులో వ్యాను వచ్చింది, ఆగలేదు, అంతే.

ఇప్పుడు జవాహిర్ ఏడో తరగతి పూర్తి చేసింది. తెల్లారి లేస్తూనే లెక్కలు, పాలు పితుకుతూ లెక్కలు. వ్యాను మళ్ళీ సెప్టెంబరులో వస్తుంది. చిన్నదాన్ని పంపుతావా అని ఫిద్దా అత్త రెండుసార్లు అడిగింది. సలామా రెండుసార్లూ లేచి బయటకు వెళ్ళాడు. మూడోసారి గట్టిగా అడిగితే, "పెద్దదానికి లేనిది చిన్నదానికి ఇస్తే పెద్దదాని ముఖం ఎట్లా చూడను?" అన్నాడు.

"పెద్దది అడ్డం చెప్పిందా?"

"చెప్పదు. అది ఏమీ చెప్పదు. అందుకే."

వంటింటి తెరవెనక నౌఫా రొట్టెల పిండి పిసుకుతోంది. చేతులు ఆగిపోయాయి. చెల్లెలి దారికి అడ్డుగా ఉన్నది తన మౌనమేనని అప్పుడే తెలిసింది. చెప్పాలనుకుంది. రాత్రి భోజనాల దగ్గర నోరు తెరిచి, "ఉప్పు సరిపోయిందా నాన్నా?" అని అడిగింది. తండ్రి ముందు మాట పెగలని పిల్ల మరి.

ఆ వేసవిలో అబూ ధీబ్‌కు ఆయాసం పట్టుకుంది. జీవితమంతా మింగిన రాతిదుమ్ము. ఫిద్దా అత్త రోజూ పప్పుజావ కాచి నౌఫా చేత పంపేది.

ఆయన గుమ్మంలో గొర్రెతోలు మీద కూర్చుని ఉండేవాడు. నౌఫాను చూడగానే ఎప్పుడూ అడిగే మాటే అడిగేవాడు. "ఏం బిడ్డా, నైలు ఇంకా ఉత్తరానికే పారుతోందా?"

"పారుతోంది తాతా."

"మంచిది. నేను మంచాన పడ్డది చూసి ఎవడన్నా తిప్పేస్తాడేమోనని నా బెంగ."

ఏళ్ళుగా ఊట దగ్గరా, చేలగట్ల మీదా ఇదే పలకరింపు. ఎక్కడో రేడియోలో విని పట్టుకున్నాడని ఆమె అనుకునేది. ఆ రోజు గిన్నె అందించి, వెళ్ళకుండా నిలబడింది.

"అడుగు" అన్నాడాయన.

"ఏమీ లేదు తాతా."

"ఏమీ లేనివాళ్ళు గుమ్మంలో నిలబడి గోడకున్న సున్నం గోకరు. నా గోడ అది, పడిపోతే కట్టే ఓపిక నాకిప్పుడు లేదు."

నౌఫా నవ్వేసింది. నవ్వు వెనకే మాట వచ్చింది. "జవాహిర్‌ని వ్యాను ఎక్కించమని మా నాన్నకు మీరు చెబుతారా? మీకూ ఆయనకూ..." అని ఆగిపోయింది. అత్త సంగతి ఎలా ఎత్తాలో తెలియలేదు.

అబూ ధీబ్ జావ ఒక గుక్క తాగి, మూతి తుడుచుకుని, "నా కప్పు మీ ఇంట్లో ఎప్పటినుంచో పెట్టే ఉంది గదే" అన్నాడు. "సరేలే. వస్తాను. మీ అత్తతో చెప్పు, యాలకులు దండిగా వెయ్యమని. వాసనైనా చూస్తాను."

శుక్రవారం నమాజు అయ్యాక వచ్చాడు. ఊటకూ ఇంటికీ మధ్య మూడుచోట్ల కూర్చుని మరీ వచ్చాడు. ఉతికిన అంగీ తొడుక్కున్నాడు. సలామా ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టి, దిండ్లు సర్దాడు. కూజా ఎత్తి కాఫీ పోశాడు. అబూ ధీబ్ అందుకున్నాడు, పెద్దగా వాసన పీల్చాడు, చాప మీద పెట్టాడు. వెనక నౌఫా, అత్త, జవాహిర్ తెరకు ఇంకా దగ్గరగా జరిగారు.

"ఇంకా ఎన్నాళ్ళు మామా?" అన్నాడు సలామా. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"నన్నడుగుతావేం? కూజా నీ చేతిలో ఉంది."

"ఆ రోజే చెప్పాను గదా. తల్లి లేని ఇల్లు. పసిది ఉంది. పెద్దది లేకపోతే జరిగేది కాదు."

"చెప్పావు. నీ మాటా అబద్ధం కాదు, నా మాటా అబద్ధం కాదు. అందుకే కోపం పెట్టుకోకుండా వస్తూ పోతూ ఉన్నాను." ఆయాసం వచ్చి కాసేపు ఆగాడు. "ఆ రోజు ఆ పిల్లను బడి మానిపించొద్దని అడిగాను. ఆ వ్యాను దాటిపోయింది సలామా. ఇది ఇంకో వ్యాను. పెద్దదానికి అడిగిందే చిన్నదానికి అడుగుతున్నా. కప్పు మాత్రం అదే."

తెరవెనక నౌఫా అత్తవైపు చూసింది. ఫిద్దా కళ్ళు తిప్పేసుకుని, ఉన్నట్టుండి పళ్ళెం తుడవడం మొదలుపెట్టింది.

"పెద్దదాని ముఖం ఎట్లా చూడమంటావు?" అంటున్నాడు తండ్రి.

ఆ తర్వాత తాను ఎలా కదిలిందో నౌఫాకు సరిగా గుర్తులేదు. తెర తొలగించింది. గదిలోకి వచ్చి వంగి, చాప మీది కప్పు తీసింది. ఆరేళ్ళుగా చేసిన పనే. కాని ఈసారి బయటకు తీసుకుపోలేదు. గుమ్మంలోంచే దానిమ్మ వైపు విసిరి పారబోసి, కప్పు కడిగి, తండ్రి చేతిలోని కూజా తీసుకుని వేడి కాఫీ పోసింది. రెండు చేతులతో అబూ ధీబ్ ముందుకు చాచింది. ఆయన అందుకోలేదు. ఆ మాట అనవలసింది ఇంటాయన.

నౌఫా తండ్రి వైపు తిరిగింది. "నా ముఖం ఇదిగో నాన్నా. చూడు. చెల్లెల్ని పంపు."

సలామా చూశాడు. చాలాసేపు చూశాడు. చివరికి, "తాగు మామా" అన్నాడు. "నీ మాట చెల్లింది. జవాహిర్ వెళ్తుంది."

అబూ ధీబ్ కుడిచేత్తో కప్పు అందుకుని ఒక్క గుక్కలో తాగి మళ్ళీ చాచాడు. సలామా పోశాడు. మళ్ళీ చాచాడు. మూడోది నెమ్మదిగా తాగి, చాలన్నట్టు కప్పును వేళ్ళ మధ్య ఆడించి తిరిగి ఇచ్చాడు.

"ఎట్లా ఉంది?" అని తెరవెనక నుంచి అరిచింది ఫిద్దా.

"ఆరేళ్ళు మరిగించాక బాగుండక చస్తుందా" అన్నాడాయన.

జవాహిర్ సెప్టెంబరులో వ్యాను ఎక్కింది. అబూ ధీబ్ మొదటివానలు చూసి, డిసెంబరులో పోయాడు. వాన వెలిసిన పొద్దున కట్టలు చూసుకోవడానికి తానే వెళ్తానని పట్టుబడితే, నౌఫా ఆయన బదులు వెళ్ళి ఒక్కొక్క కట్ట ఎలా ఉందో చూసి వచ్చి చెప్పింది. అన్నీ నిలబడే ఉన్నాయి. అది విన్నాకే వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. ఆయన గోరీకి పైవైపున నీళ్ళు మళ్ళేట్టు సలామా తన చేతులతో వంపు కట్ట పేర్చాడు. అందంగా రాలేదు. నిలిచింది.

ఊట దగ్గర కథ మాత్రం ఆగలేదు, తోక పెరిగింది. ముసలాయన చివరికి ఆశ వదులుకున్నాడు, అందుకే సలామా కాఫీ తాగాడు అంటారిప్పుడు.

"నీకు ముందే తెలుసు గదా అత్తా" అంది నౌఫా ఒక సాయంత్రం. "ఊరంతా అట్లా అంటుంటే ఎందుకు ఊరుకున్నావు?"

"అననీ. నీకు బతుకంతా ఉంది. నా పేరు మీద ఈ ఊళ్ళో ఉన్నది ఆ ఒక్క కథే. అదీ లాక్కుంటావా?"

నౌఫా లాక్కోలేదు. ఊట దగ్గర ఇప్పటికీ గోడవారన నిలబడి వింటుంది. వింటూ మనసులో ఆయనకు దణ్ణం పెట్టుకుంటుంది.

ఆ చేనుకట్ట కట్టిన వసంతంలో ఫిద్దా అసలు ఊళ్ళోనే లేదు. చెల్లెలి కాన్పుకని మఆన్ వెళ్ళి వేసవిలో గాని తిరిగి రాలేదు. ఆ రోజుల్లో మిద్దె మీద ఉన్నది పదమూడేళ్ళ నౌఫా. పరీక్షలని సాయంత్రాలు భూగోళం పాఠం కింద కట్ట దాకా వినబడేట్టు పైకి గట్టిగా చదువుకునేది, నైలు నది దక్షిణాన పుట్టి ఉత్తరానికి పారుతుందని.