కునిగుండకు ముగ్గురు మొగుళ్ళు

ఇంట్లో ఇంటర్నెట్ ఉంటే లోకం గుప్పిట్లో ఉన్నట్టేనని నమ్మిన రోజులవి. డిగ్రీ పూర్తిచేసి, ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లోని మా రైల్వే క్వార్టర్‌లో మంచం మీద కూర్చునే నేనొక ఉద్యోగం సంపాదించాను. (సంపాదించానంటే, ఒక వారం చేయించి చూస్తామన్నారు. నాన్న మాత్రం అప్పుడే వర్క్‌షాపులో అందరికీ టీలు ఇప్పించేశాడు.) ఎప్పటివో పాతకాలపు జర్మనీ జమీందారీ ఆడవాళ్ళ వంశవృక్షాలను కంప్యూటర్‌లో సరిచేయడం పని. ఆ దొరసానులు భర్త పోతే మళ్ళీ పెళ్ళాడేవారు. దాంతో ఒకే మనిషి రెండు మూడు కోటల్లో, వేరువేరు మొగుళ్ళ పక్కన కనిపించేది. అలాంటివాళ్ళను వెతికి పట్టుకుని ఒక్కరుగా కలపాలి. దరఖాస్తులో నా పేరు ఎ.ఎన్. అని రాసుకున్నాను. పూర్తిపేరు అప్పలనరసమ్మ, మా నానమ్మ పేరు. అత్తగారి పేరు పలకకూడదు గనక అమ్మ నన్ను బుల్లి అంది, దాంతో కాలనీ అంతా బుల్లి అనేసింది. ఆ పొడుగాటి పేరు బయటపడకుండా ఉంటే చాలని నేనూ ఊరుకున్నాను.

ఐదు రోజులు దొరికినవాళ్ళను దొరికినట్టు కలిపేశాను. ఆరో రోజు కునిగుండ అనే ఆవిడ తగిలింది. ఒకచోట ఇద్దరు భర్తలు, ఇంకోచోట మరొకాయన. ముగ్గురినీ ఒక్కరికే కట్టబెట్టి మీట నొక్కాను. తెరంతా ఎర్రబడింది. చూస్తే కునిగుండ కూతురు ఆదెల్‌హైడ్, కునిగుండకే తల్లి కూడా అయి కూర్చుంది. అంటే ఆ మహాతల్లి తన కూతురి కడుపున తానే పుట్టిందన్నమాట! కలకత్తా ఆఫీసు నుంచి మా పై అధికారిణి, మేం దీదీ అని పిలిచే ఆవిడ, ఫోన్ చేసి, రేపు మధ్యాహ్నంలోగా ఇది తేలకపోతే ఉద్యోగం ఇంకో అమ్మాయికి ఇచ్చేస్తామంది. నాన్న తాగించిన టీలన్నీ కళ్ళముందు తిరిగాయి.

నానమ్మ వరండాలో కూర్చుని, గోల్‌బజార్ నుంచి తెచ్చిన రొయ్యలు ఒలుస్తోంది.

"ఏటే బుల్లీ, మొకం అలగెట్టినావు?"

"నీకు తెలీదులే నానమ్మా, ఇది జర్మనీ సంగతి," అన్నాను విసుగ్గా. అయినా ఏడుపు ఆగక అంతా చెప్పేశాను.

"ముగ్గురు మొగుళ్ళా? అయితే ఏటైనాది, మారుమనువులు మనోళ్ళల్లో నేవేటి? ఆ కూతురికి ఆడపిల్ల పుట్టినాదా?"

"ఏమో, ఎక్కడా కనపడనేదు."

నానమ్మ రొయ్య పక్కనబెట్టి నావైపు తిరిగింది. "నీ పేరేటే?"

"బుల్లి."

"అసలు పేరు సెప్పు."

"...అప్పలనరసమ్మ."

"మరి నా పేరు?"

"అదే," అని గొణిగాను.

"మీ తాతని నాను మనువాడినాను. పేరొకటేనని నువ్వూ మనువాడీసినావేటే?"

లోపల అమ్మ పడీపడీ నవ్వడం వినిపించింది. నాకు మాత్రం చెంప ఛెళ్ళుమంది. ఆదెల్‌హైడ్ తన కూతురికి తల్లి పేరు పెట్టుకుంది! ఆ మనవరాలిని తీసుకెళ్ళి నేను అమ్మమ్మలో కలిపేశాను. పరుగున వెళ్ళి ఇద్దరినీ విడదీసి, మూడో మొగుణ్ణి మనవరాలికి అప్పగించాను. ఎరుపు పోయింది. ఎలా కనిపెట్టావని దీదీ అడిగితే, "పేర్లు పెట్టే ఆచారాన్ని కొంచెం పరిశీలించాను దీదీ," అన్నాను (సిగ్గు లేకుండా). నియామకపత్రం మీదికి పూర్తిపేరు చెప్పమంది. గొంతు తగ్గించి చెప్పాను. రొయ్యల కూర తిరగేస్తూ నానమ్మ, "గట్టిగా సెప్పే, ఆళ్ళకి ఇనపడాల!" అని అరిచింది.

నానమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ బ్యాంకు కౌంటర్‌లో బెంగాలీ గుమాస్తా "ఒప్పొల్ నొర్షొమ్మా!" అని కేకేస్తే నేను కదలను. చేతిసంచీ పట్టుకుని నానమ్మ లేస్తుందేమోనని ఓ క్షణం పక్కకి చూస్తాను. రెండోసారి పిలిచాక, మా ఇద్దరి తరఫునా నేనే లేచి, గట్టిగా పలుకుతాను.