అడిగిన ముక్క అప్పటికప్పుడు

కంకిపాడు ఫంక్షన్ హాల్లో పెళ్లికొడుకు పొద్దున పదింటికి తాళి కట్టాడు. మైలవరంలో అతని నాయనమ్మ రామతులసమ్మ గారింట్లో మాత్రం సాయంత్రం దాకా కట్టలేదు.

ఆవిడకి కుడి మోకాలి ఆపరేషన్ అయింది. పెళ్లికి వెళ్లలేక టీవీలో లైవ్ పెట్టించుకున్నారు. మనవడు తాళిని రెండు చేతులా పట్టుకుని పెళ్లికూతురి మెడ దాకా తెచ్చాడు. బొమ్మ అక్కడ ఆగిపోయింది. తాళి పడేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టకపోవడం ఆ ఇంట్లో పెద్దవాళ్ల నియమం. పెళ్లయిపోయిందని, కంకిపాడులో రెండో బంతి కూడా లేచిందని దగ్గరున్న చిన్నకోడలు చెప్పి చూసింది. ఆవిడ టీవీ వైపు చెయ్యి చూపించి, "వాడింకా పట్టుకునే ఉన్నాడు కదే" అన్నారు.

పెళ్లికొడుకు వీడియో కాల్ చేసి దండతో సహా కనబడ్డాడు. ఆవిడ సంతోషించారు, ఆశీర్వదించారు, కట్టడం చూడలేదు కాబట్టి తినలేదు. చివరికి చిన్నకొడుకు పవన్‌కుమార్ పట్టుపంచెతోనే బండెక్కి, చొక్కా జేబులో పెన్‌డ్రైవ్ వేసుకుని, గొల్లపూడి దగ్గర వానలో తడిసి మైలవరం చేరాడు. పెన్‌డ్రైవ్‌లో తాళి పడింది. ఆవిడ పెరుగన్నం తిన్నారు.

ఆ లైవ్ పెట్టింది దీవెన. ఏలూరు రోడ్డులో రామకోటేశ్వరరావు గారి ఫోటో స్టూడియో ఉంది. దాని వెనకగదిలో కూర్చుని పెళ్లిళ్లని నెట్‌లోకి ఎక్కించడం ఆమె ఉద్యోగం. రామకోటేశ్వరరావు గారేమో రామతులసమ్మ గారికి స్వయానా అల్లుడు. వేరే ఎవరి అత్తగారైనా పస్తుంటే ఆయన ఒక సారీ చెప్పి, ఆల్బమ్‌లో నాలుగు పేజీలు ఎక్కువ వేసి ఊరుకునేవారు.

దీవెనది పటమట. వాళ్ల నాన్న ఆమోసు పెసరట్ల బండి తెలియనివాళ్లు ఆ చుట్టుపక్కల తక్కువ. ఆమె ఎంసీఏ చదివింది. కరోనా రోజుల్లో చర్చి మూసేసినప్పుడు ఆదివారం ఆరాధనని సంఘస్తుల ఫోన్లలోకి తెచ్చింది ఆమే. మొదటి వారం సంఘమంతా పాస్టర్ గారి ఎడమ చెవిని మాత్రమే చూస్తూ భక్తిగా ఆమేన్ అంది. రెండో వారానికి ముఖం కూడా వచ్చింది. నెల తిరిగేసరికి పాటకి పాట, వాక్యానికి వాక్యం అద్దంలా కనబడుతుంటే, ఆ నోటా ఈ నోటా విని రామకోటేశ్వరరావు గారు పిలిచి ఉద్యోగం ఇచ్చారు. కంకిపాడు పెళ్లిదాకా ఆయన ఆ ఉద్యోగం గురించి ఊరంతా గొప్పగా చెప్పుకున్నారు.

పెళ్లైన మూడోనాడు పవన్‌కుమార్ స్టూడియోకి వచ్చాడు. పంచె మీద బురద మరకలు పోలేదని మొదలుపెట్టి, లైవులూ గీవులూ మన ఇళ్లల్లో పనికిరావని తేల్చాడు.

"పెన్‌డ్రైవ్ ఎప్పుడన్నా తాళి దగ్గర ఆగిందా బావా? ఆగితే నేను ఆగాలి గాని" అన్నాడు.

శ్రావణంలో రామకోటేశ్వరరావు గారి కూతురు ఉషశ్రీ పెళ్లి పెట్టుకున్నారు. డాక్టరేమో రామతులసమ్మ గారి ఎడమ మోకాలికి కూడా అదే నెలలో ముహూర్తం పెట్టాడు. ఆయన దీవెనని పిలిచి, కోప్పడకుండానే సంగతి చెప్పారు.

"చూడమ్మా, ఉష పెళ్లికి కూడా మా అత్తగారు పస్తున్నారనుకో, ఆ వెనకగదికి తాళం వేసి నిన్ను ఆల్బమ్ సెక్షన్‌లోకి మార్చేస్తాను. నాకు ఇంట్లో అన్నం పుట్టాలి కదా."

ఆల్బమ్ సెక్షన్ అంటే పెళ్లికూతుళ్ల వెనక మంచుకొండలు అతికించే పని. దీవెన సరేనండీ సార్ అని గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

తప్పెక్కడుందో ఆమెకి అప్పటికే తెలుసు. నెట్‌లో వీడియో ఏకాండీగా పోదు. చిన్నచిన్న ముక్కలుగా కోసి పంపితే ఫోను వాటిని వరసగా అతికించుకుంటూ చూపిస్తుంది. స్టూడియో మిషన్ ప్రతి ముక్కనీ నాలుగు రకాలుగా కోసేది: పెద్ద టీవీకి ఒకటి, కంప్యూటర్‌కి ఒకటి, మంచి ఫోనుకి ఒకటి, సిగ్నల్ అందని ఫోనుకి ఒకటి. ఎవరు ఏది అడుగుతారో తెలియదు కాబట్టి అన్నీ ముందే కోసి పేర్చుకునేది. కంకిపాడులో గణపతి పూజ కోసింది, స్నాతకం కోసింది, వంటవాళ్లు గుమ్మడికాయ తరగడం కూడా నాలుగు రకాల్లో కోసింది. తాళి దగ్గరికి వచ్చేసరికి డిస్కులో చోటు లేదు.

పెద్ద డిస్కు కొంటే సరిపోయేది. కానీ ఇంకో పెద్ద పెళ్లి వచ్చిందంటే అదీ నిండుతుంది. ఆ ఆదివారం పిన్ని కూతురు హెలెన్ పెళ్లి వీడియో ఇంట్లో పెట్టుకున్నారు. పాట మొదలవగానే పిన్ని తను స్టేజి ఎక్కే చోట పెట్టమంది. బాబాయి తను మైకులో మాట్లాడిన చోట పెట్టమన్నాడు. మేనత్తకి తన చీర కనబడితే చాలు, పెళ్లికూతురు లేకపోయినా ఫరవాలేదు. సాయంత్రమైనా ఎవరూ పెళ్లి చూడలేదు. ఎవరి ముక్క వాళ్లు నాలుగేసిసార్లు చూసుకుని తృప్తిగా టీ తాగారు.

చేతిలో రిమోట్‌తో దీవెన అట్లాగే కూర్చుండిపోయింది. చూసేది ఇంతే అయినప్పుడు అంతా ఎందుకు కొయ్యాలి? పెళ్లి మొత్తం ఒక్క మంచి రికార్డింగుగా దాచుకుని, ఎవరి ఫోను ఏ ముక్క అడిగితే ఆ ముక్కని, ఆ ఫోనుకి సరిపడే సైజులో, అడిగినప్పుడే కోసిస్తే సరి. అది చూస్తుండగా తర్వాత వచ్చే రెండు ముక్కలు కోసి సిద్ధంగా ఉంచాలి. కాసేపటిదాకా ఇంకెవరూ అడగకపోతే పారెయ్యాలి.

ఈ సంగతి నాన్నకి చెప్పింది. ఆమోసు శ్రద్ధగా విన్నాడు. పిండి రుబ్బి పెట్టుకోవడం, ఉల్లి అన్నవాడికి ఉల్లి, ఉప్మా అన్నవాడికి ఉప్మా వేసి పొయ్యడం, ప్లేటులో సగం అయ్యేసరికి రెండో అట్టు పెనం మీదికి ఎక్కించడం ఆయనకి తెలిసిన విషయాలే.

"అంటే నువ్వు కూడా బండే పెట్టావన్నమాట" అని మురిసిపోయాడు.

ఆషాఢమంతా ఆమె ఆ పని మీదే ఉంది. పని పూర్తయిందనుకున్నాక బంధువులందరినీ వాకిట్లో కూర్చోబెట్టి, ఒకేసారి ఒకే చోట నొక్కమంది. మిషన్ మళ్లీ చతికిలబడింది. పదిమంది ఒకే ముక్క అడిగితే, అది పదిమందికీ వేరువేరుగా కోస్తూ కూర్చుంది. తాళి వేళకి వందలమంది అడిగేది ఆ ఒక్క ముక్కనే కదా. మేనత్త ఫోను పక్కన పెట్టి, ఆల్బమ్ పని కూడా మంచిదేనమ్మా, నీడపట్టున ఉంటావు అని ఓదార్చింది. దీవెన ఆ ఓదార్పుకి ఒళ్లు మండి ఇంకా గట్టిగా కూర్చుంది. మొదట అడిగినవాడి కోసం ఒక్కసారి కొయ్యాలి, వెనకొచ్చినవాళ్లని క్షణం ఆగమని అదే ముక్క అందరికీ ఇవ్వాలి. అట్లా మార్చింది.

ఇక్కడ ఆమోసుకి అనుమానం వచ్చింది. "ఒక్క అట్టు అంతమందికి ఎట్టా సరిపోద్దే?"

"ఎంతమంది తిన్నా అయిపోదు నాన్నా ఇది."

తల్లి సంపూర్ణమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తకుండానే అంది: "యేసయ్య ఐదు రొట్టెలు ఐదువేలమందికి పంచిన సంగతి చర్చిలో ఏళ్ల తరబడి వింటానే ఉన్నావుగా. అనుమానం మాత్రం ఇయ్యాల వచ్చింది."

శ్రావణం వచ్చింది. పోరంకిలో ఉషశ్రీ పెళ్లి. వంటశాల పక్క గదిలో దీవెన మిషన్ ముందు కూర్చుంది. మైలవరంలో రామతులసమ్మ గారు ఎడమ కాలు దిండు మీద పెట్టుకుని, తోడున్న చిన్నకోడలితో, ఇరుగుపొరుగు ఆడవాళ్లందరితో టీవీ ముందు సిద్ధమయ్యారు. పవన్‌కుమార్ ఈసారి ముందుజాగ్రత్తగా పంచె మానేసి ప్యాంటు వేసుకుని, బండి తాళాలు వేలికి తిప్పుకుంటూ గది గుమ్మంలో నిలబడ్డాడు.

పీటల మీద రామకోటేశ్వరరావు గారు కన్యాదానం చేస్తూ, ఒళ్లో ఫోను పెట్టుకుని చూస్తున్నారు. పురోహితుడు రెండుసార్లు ఆయన గోత్రం అడగాల్సి వచ్చింది. గట్టిమేళం అన్నారు. డోళ్లు మోగాయి. హాల్లో అందరూ పెళ్లికూతురి మెడ వైపు చూస్తుంటే పెళ్లికూతురి తండ్రి ఒక్కడే ఒళ్లోకి చూస్తున్నాడు. దీవెన ముందు ఒకే ముక్క కోసం వందల ఫోన్లు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. మిషన్ ఒక్కసారి కోసింది. అందరికీ ఇచ్చింది. తర్వాతిది కోసింది. రామకోటేశ్వరరావు గారి ఒళ్లో, హాలు కంటే ఒక్క నిమిషం ఆలస్యంగా, మూడు ముళ్లూ ఏ తడబాటూ లేకుండా పడ్డాయి. ఆయన చేతిలో మిగిలిన అక్షింతలన్నీ ఫోను మీదే వేశారు.

వెంటనే మైలవరం నుంచి ఫోను. టీవీ మీద అక్షింతలు వేశామని, టీవీ కింద ఊడవడానికి మనిషి కావాలని, ఆకు వేశారని, పప్పులో నెయ్యి చాలలేదని అత్తగారు చెప్పారు. అత్తగారు నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడుతుంటే అల్లుడికి కళ్లనీళ్లు తిరిగాయి. ఆయన పీటల మీద నుంచి లేవగానే పెళ్లికొడుకు తరఫువాళ్ల దగ్గరికి కాకుండా, కొత్త పంచె కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని వంటశాల వైపు నడిచారు.

"దీవెనమ్మా, రేపట్నుంచి నువ్వు ముందు గదిలో కూర్చో. ఏసీ ఉన్న గదిలో. ఆల్బమ్ వాళ్లు వెనక్కి వెళ్తారు" అన్నారు, అందరూ వినేటట్టు. పవన్‌కుమార్ తాళాలు జేబులో వేసుకుని, ఇక చేసేదేమీ లేక భోజనాలకి వెళ్లాడు.

మర్నాటి నుంచి చుట్టాలు ఎవరి ముక్క వాళ్లు వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఎక్కడ వేలు పెడితే అక్కడ పెళ్లి వెంటనే కదులుతోంది. ఆ వారంలోనే ఉయ్యూరు నుంచి, గుడివాడ నుంచి పెళ్లివారు స్టూడియోకి వచ్చి, ఫోటోల మాట ఎత్తకుండా, ఆ అమ్మాయి ఖాళీగా ఉన్న రోజు చెబితే ముహూర్తం చూసుకుంటామన్నారు.

పవన్‌కుమార్ ఫోను చేసింది అప్పుడే. అతనికి షుగరు. పెళ్లిలో తీపి ముట్టలేదని మైలవరం వెళ్లి భార్యకి గట్టిగా చెప్పాడు. ఆవిడ ఫోనులో భోజనాల దగ్గర వేలు పెట్టేసరికి, స్తంభం చాటున నిలబడి వరసగా పూర్ణాలు మింగుతున్న భర్త కనిపించాడు. ఆవిడ చూసి ఊరుకోలేదు, చుట్టాలందరికీ అది ఎక్కడొస్తుందో చెప్పింది.

"ఏమ్మా దీవెనా, పెళ్లంతా ఉండగా పనిగట్టుకుని నా ముక్కే కోసి ఊరంతా పంచుతున్నావా?" అని నిలదీశాడు.

"ఎవరూ అడక్కుండా నేను ఏ ముక్కా కొయ్యనండీ పవన్ గారూ, మీదైతే పొద్దుటి నుంచి అడుగుతూనే ఉన్నారు" అంది దీవెన.