ఆకలిగొన్న క్రిమి

జ్యోతిరాణి మొదటి గెలుపు ల్యాబ్ టెక్నీషియన్ పరీక్షలో జిల్లాకు రెండో స్థానం. ఊరికే రాలేదది. బోధన్ దగ్గర చెరకు కోసే ఇంట్లో పుట్టి, పగలంతా గడలు నరికి మోపులు కట్టి, తెల్లవారుజామున చదివి తెచ్చుకున్నది. నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబును ఒంటిచేత్తో నిలబెట్టింది. తొమ్మిదేళ్లలో ఆమె సంతకం చేసిన ఒక్క రిపోర్టూ తప్పని తేలలేదు.

ఈ ఫిబ్రవరిలో ఆ సంతకానికే కష్టమొచ్చింది. ముగ్గురు శిశువులకు ఒకే క్రిమి సోకి పసిపిల్లల వార్డు మూసేశారు. కడిగే మందుకు ఆ క్రిమి చస్తుందని ఆమె రాసిస్తే సోమవారం తెరుస్తారు. పరీక్షలో ఐదు నిమిషాలకే అంతా చచ్చింది. రాసిచ్చేసింది. మర్నాడు, మందు పోసి కడిగిన సింకు గొట్టంలో అదే క్రిమి బతికే ఉంది!

"మందు కల్తీదేమో అవ్వా," అంది వార్డు కడిగే సత్తవ్వతో.

"నువ్వేం పెట్టి సాదినవ్ దాన్ని?"

"మాంసం రసం."

"ఓయమ్మో, అల్లునికి పెట్టినట్టు! సింకుల దానికి గవన్ని ఎక్కడియి బిడ్డా? చెరకు కొట్టినదానివే గదా. నీళ్లు తాగిన గడ ఒక్క వేటుకు తెగుతది. ఎండిన గడ?"

"కత్తి మొండి అయితది," అంటూనే జ్యోతిరాణి లేచింది.

వార్డు క్రిమినీ, ఫ్రిజ్‌లో దాచిన అదే జాతి పాత క్రిమినీ రెండు రోజులు పస్తుంచి మందు వేసింది. పాతది చచ్చింది. వార్డుది చావలేదు. దాని లోపల ప్లాస్మిడ్ ఉందని, ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి చేరే చిన్న ఉంగరంలాంటిదని, నమూనా చూసిన హైదరాబాద్ ల్యాబు ముందే రాసింది. పస్తూ ఆ ఉంగరమూ కలిసే దాన్ని కాపాడాయా? ఉంగరం తీసేసి మళ్లీ పరీక్షిస్తేనే తెలుస్తుంది. ఆ పని హైదరాబాద్‌లోనే అవుతుంది.

మేనేజర్ బాపురావు మొదటి రిపోర్టు ఊపుతూ వచ్చాడు. "నువ్వే రాసిచ్చినవ్ గదమ్మా. ఇప్పుడు కాదంటే నీ పేరేమైతది?"

ఆమె ఆ రిపోర్టు అందుకుంది. పెన్ను తీసి, తొమ్మిదేళ్లలో మొదటిసారి తన సంతకం మీద తనే గీత కొట్టింది. "తప్పు నాదే సార్. తలుపు మాత్రం తెరవద్దు."

ఐస్ డబ్బాలో క్రిముల సీసాలు సర్దుకుని హైదరాబాద్ బస్సెక్కింది. ఆమె వచ్చేదాకా ఎవరూ తీయొద్దని, సత్తవ్వ వార్డు తలుపు మీద సుద్దముక్కతో ఆమె తిరిగొచ్చే రోజు రాసింది: మార్చి నాలుగు, బుధవారం.