రెక్కలు కలిశాయా, అన్నయ్యా?

మా తోడల్లుడు పోయాడని ఫోను వచ్చేసరికి నేను ఫిల్మ్ నగర్‌లో నా షెడ్డులో థర్మోకోల్ స్తంభానికి రాయి రంగు వేస్తున్నాను. "మరిదిగారు ఇక లేరండీ" అని ఒక్క మాట అని మా ఆవిడ ఏడుపు అందుకుంది. పొద్దున్నే నడకకు వెళ్ళినవాడు పార్కు బెంచీ మీద కాసేపు కూర్చున్నాడట. అలాగే కూర్చుండిపోయాడట. బ్రష్షు నా చేతిలోనే ఉంది, రంగు మోచేతి దాకా కారింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట చెప్తే మీరు నన్ను మనిషి కింద జమ కట్టరు. "నాకంటే చిన్నవాడు, ఇందులోనూ నాకంటే ముందేనా?" అన్నాను.

అసూయండీ. ఇంకో పేరు పెట్టి దాన్ని గౌరవించడం నాకు చేతకాదు. అతను నా మరదలి మెళ్ళో తాళి కట్టిన రోజు మొదలైంది, ఈ అక్షరాలు రాస్తున్నప్పుడు కూడా కడుపులో ఒక మూల మండుతూనే ఉంది.

మోతీనగర్‌లో మా మామగారింట్లో కిటికీ పక్కన, సరిగ్గా ఫ్యాను కింద, ఒక పేము కుర్చీ ఉంది. ఆ ఇంటికి నేనొక్కణ్ణే అల్లుణ్ణిగా ఉన్నన్నాళ్ళూ అది నాది. నేను గుమ్మంలో కనబడగానే మామగారు అందులోంచి లేచి, కండువాతో ఓసారి దులిపి, "రా బాబూ, కూర్చో" అనేవారు. తర్వాత హైటెక్ సిటీ వచ్చింది, సాఫ్ట్‌వేరు వచ్చింది, చిన్నల్లుడు వచ్చాడు. పెళ్ళయ్యాక మొదటి ఆదివారం నేను బోరబండలో బస్సు దిగి చెమటలు కక్కుకుంటూ వెళ్ళేసరికి గుమ్మం ముందు తెల్ల క్యాబు ఆగి ఉంది. లోపల అతను నా కుర్చీలో ఉన్నాడు. అత్తగారు గారెల పళ్ళెం అందిస్తూ, "చిన్నల్లుడుగారు రాత్రంతా డ్యూటీ చేసి వచ్చారు పాపం, మీరు దివాన్ మీద సర్దుకోండి బాబూ" అన్నారు. నాకు వచ్చిన గారెలు చల్లారిపోయాయి. ఆ రోజు నుంచి దివాన్ మీద నేను పర్మనెంటు. ఎంత పెందరాళే బయల్దేరినా, అప్పటికే అతను ఆ కుర్చీలో ఉండేవాడు. నాకు జీవితంలో పెద్ద కోరికలేమీ లేవు. ఆ కుర్చీ నాకు తిరిగి కావాలి, అదీ మామగారు పిలిచి ఇవ్వాలి.

నేనేమన్నా తక్కువ తిన్నానా? సినిమాల్లో ఊళ్ళు తగలబడ్డాయన్నా, ఆనకట్టలు తెగాయన్నా, రైళ్ళు లోయలో పడ్డాయన్నా, ఆ ఊరూ ఆనకట్టా రైలూ నా షెడ్డులో పుట్టినవే. మినియేచర్లు నా పని. ప్లైవుడ్డు, పీవోపీ, అట్ట, దూది పెట్టి నిలువెత్తు కొండను బల్ల మీద దించేవాణ్ణి. కాకపోతే సరిగ్గా అప్పుడే గ్రాఫిక్స్ వచ్చాయి. కుర్రాళ్ళు ఏసీ గదుల్లో కూర్చుని మౌసుతో ఊళ్ళు తగలబెట్టడం మొదలెట్టారు. నా షెడ్డులో కంప్యూటర్ మీద కసి, ఆదివారం మామగారింట్లో కంప్యూటర్ మనిషి మీద కసి. వారమంతా ఇదే భోజనం.

అతని ఉద్యోగం జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఒక అద్దాల బిల్డింగులో. చేసే పనేమో చిత్రమైంది. యూరప్‌లో ఎక్కడో ఒక పెద్ద నది. దాని మీద వంతెనలు. ఓడ వచ్చిందంటే వంతెన నడిమికి విడిపోయి, రెండు రెక్కలూ పైకి లేస్తాయి. ఓడ వెళ్ళాక దిగి మళ్ళీ కలుసుకుంటాయి, అప్పుడు కార్లు పోతాయి. ఇదివరకు ప్రతి వంతెన పక్కనా గదిలో ఒక మనిషి కూర్చుని మీట నొక్కేవాడట. ఇక మీదట ఎక్కడో దూరాన ఒకే గదిలో కూర్చుని, కెమెరాల్లో చూసుకుంటూ, అన్ని వంతెనల్నీ లేపాలి, దించాలి. ఆ సాఫ్ట్‌వేరు వీళ్ళ టీమ్ రాస్తోంది. మామగారు ఈ సంగతి వీధిలో అందరికీ చెప్పారు. "మా చిన్నల్లుడు జూబ్లీహిల్స్ నుంచి వేలు కదిపితే యూరప్‌లో వంతెన లేస్తుంది" అని చెప్పారు. నా ఆనకట్ట తెగినప్పుడు ఈయన పక్కింటికి కూడా చెప్పలేదు.

ఒక ఆదివారం అన్నాల దగ్గర అతని మొహం వాడిపోయి ఉంది. అడగ్గా అడగ్గా చెప్పాడు. రెక్కల కొసల్లో స్విచ్చులుంటాయి, అవి రెండూ ఒకదాన్నొకటి తాకితేనే ఆపరేటర్ బల్ల మీద దీపం వెలుగుతుంది, దీపం వెలిగితేనే కార్లకు పచ్చ సిగ్నల్. కానీ ఆ దేశం వాళ్ళు ఇంకో బటన్ అడుగుతున్నారు. దీపం మొరాయిస్తే, స్క్రీన్ మీద చూసి కలిశాయనుకుంటే, పచ్చ ఇచ్చేసే బటన్. అతను పెట్టనంటున్నాడు. పెట్టకపోతే ప్రాజెక్టు నుంచి తీసేస్తానని మేనేజరు.

"పెట్టెయ్యకూడదూ, నీదేం పోయింది?" అన్నాను.

"కనబడింది సరే అన్నయ్యా, నిజమేనా?" అన్నాడు.

ఇదీ అతని ఊతపదం. ఇంటికి తాళం వేసి లాగి చూసేవాడు, మా మరదలి చేత కూడా లాగించేవాడు. గ్యాసు కట్టేశానని ఆవిడ చెప్తే సరేనని, వెళ్ళి నాబ్ ముట్టుకుని వచ్చేవాడు. పెళ్ళిచూపుల్లో కూడా ఇదే అడిగి ఉంటాడని నేను వెక్కిరిస్తే, అందరికంటే గట్టిగా అతనే నవ్వాడు. అలా నవ్వేవాణ్ణి ద్వేషించడం ఎంత కష్టమో మీకు తెలీదు.

ఆ దేశం వాళ్ళు డెమో చూడ్డానికి వస్తున్నారు. వంతెన ఇక్కడ లేదు కాబట్టి ఒక నమూనా కావాలి. అతను నేరుగా నా షెడ్డుకు వచ్చాడు. "అన్నయ్యా, మీకంటే బాగా కట్టేవాళ్ళు నాకు తెలీదు. రెక్కలు లేవాలి, దిగాలి, మీద బొమ్మ కారు పోవాలి. నది పెద్దగా కనిపించాలి" అన్నాడు. కట్టాను. నా చేతిలో ఉన్న విద్యంతా పెట్టి కట్టాను. నదికి తొట్టి, గట్టుకు నాచు, రెయిలింగుకు తుప్పు. మోటార్లు అతని మనుషులు పెట్టారు. ఎదురుగా ఒక కెమెరా, పక్కన ఓడ వచ్చే వైపుకు ఇంకోటి, జూబ్లీహిల్స్ ఆఫీసు దాకా కేబుల్ లైను. ముందు రోజు అన్నీ పరీక్షించారు. రెక్కలు కలిశాయి, అక్కడ దీపం వెలిగింది, అతను ఫోన్లో "సూపర్ అన్నయ్యా" అన్నాడు.

నాకు చాల్లేదు. మానిటర్లో చూస్తే నది పిల్లకాలవలా ఉంది. ఆ దొరలు నోరు వెళ్ళబెట్టాలి, అతని ప్రోగ్రామ్ చూసి కాదు, నా వంతెన చూసి. డెమో రోజు పొద్దున్నే అవతలి గట్టును వెనక్కి జరిపించి, అవతలి రెక్కను తీసేసి పొట్టి రెక్క బిగించాను. మా లైన్లో ఇది మామూలే. దూరంగా ఉండేది చిన్నగా కడితే కెమెరాకు ఇంకా దూరంగా, ఇంకా పెద్దగా కనిపిస్తుంది. మానిటర్లో చూస్తే ఒళ్ళు జలదరించింది. సముద్రమంత నది!

షేక్‌పేట నుంచి వచ్చే మా వడ్రంగి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని చూశాడు. "ఏం కట్టినవ్ సారూ! జబర్దస్త్ ఉంది. హీరో గీడ కెల్లి దుంకితే పబ్లిక్ సీటీలు కొడ్తది" అన్నాడు.

కొబ్బరికాయ కొట్టాం, హారతిచ్చాం. అట్నుంచి అతను మీట నొక్కాడు. రెక్కలు లేచాయి, బొమ్మ ఓడ వెళ్ళింది, రెక్కలు దిగాయి. మానిటర్లో ఒకదాని కొసకు ఒకటి అతికినట్టు కలిశాయి. ఫోను స్పీకర్లో దొరల మెచ్చుకోళ్ళు వినిపిస్తున్నాయి. నేను మీసం మీద చెయ్యి వేశాను.

కారు కదల్లేదు.

"అన్నయ్యా" అన్నాడతను స్పీకర్లో. "రెక్కలు కలిశాయా?"

"నీకు కనిపించట్లేదా?"

"కనిపిస్తోంది. చాలా అందంగా కనిపిస్తోంది. అందుకే అడుగుతున్నా. ఇక్కడ దీపం రాలేదు."

అప్పుడు మానిటర్ వదిలి వంతెన కేసి చూశాను. రెండు రెక్కల మధ్య జానెడు ఖాళీ. కింద నీళ్ళు. కెమెరా ఉన్న చోటి నుంచి చూస్తేనే అవి కలిసేది. కారు పోవాలని అతను చెప్పలేదా అంటే చెప్పాడు. కానీ ఏళ్ళ తరబడి షాట్లలో బతికినవాణ్ణి. వంతెన దిగే షాట్ వేరు, కారు పోయే షాట్ వేరు. మధ్యలో కట్. కారు కోసం ఒక రోడ్డు ముక్క విడిగా కట్టి మూల పెట్టాను కూడా! ఒకే షాట్లో ఎవడైనా రెండూ తీస్తాడా?

అవతల గదినిండా జనం. కలిశాయంటే కారును చేత్తో తోసెయ్యమంటారు, అది నీళ్ళలో పడుతుంది. లేదంటే నా పరువు పడుతుంది. అతని కుర్చీ ఊడేలా ఉందని నాకు తెలుసు, ఆ ఊడే కుర్చీని తల్చుకుని ఒక్క క్షణం లోపల ఎక్కడో తియ్యగా ఉన్న మాట కూడా నిజం. అయినా నా వంతెన మీంచి కారు పడడం నేను చూడలేను.

"కలవలేదు. జానెడు తేడా ఉంది."

"ఎందుకుంది?"

"షాట్ కోసం" అన్నాను.

అతను ఇంగ్లీషులో దొరలనేదో అడిగాడు. తర్వాత, "పక్క కెమెరా కొంచెం ఇటు తిప్పుతారా?" అన్నాడు. తిప్పాను. అట్నుంచి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు, ఒక్కసారిగా నవ్వులు, ఆపైన చప్పట్లు. తర్వాత తెలిసింది. కెమెరా తిప్పకముందు దొరలందర్నీ అడిగాడట, వంతెన మూసుకుందా లేదా అని. అందరూ మూసుకుందన్నారట. ఆ బటన్ మీ చేతిలో ఉంటే ఇప్పుడు నొక్కేవారా అన్నాడట. ఇక ఆ బటన్ ఊసు ఎవరూ ఎత్తలేదు.

మా వడ్రంగి నా భుజం తట్టాడు. "ఫికర్ చెయ్యకు సారూ. కారు బచ్ అయింది కదా" అన్నాడు.

చూశారా దారుణం? తప్పు నాది, ప్రమోషన్ అతనికి! దాని మీద ఆ ఆదివారం మళ్ళీ గారెలు, మళ్ళీ వేడివి అతనికే. అంతటితో ఆగాడా? ఇంటికి ఎవరొచ్చినా ఆ పేము కుర్చీలో వెనక్కి వాలి ఈ కథ మొదలెట్టేవాడు. "మా అన్నయ్య కట్టిన వంతెన చూడాలండీ, ఇంజనీర్ల కళ్ళే మోసపోయాయి. ఆ రోజు అన్నయ్య నిజం చెప్పబట్టి నా ఉద్యోగం నిలబడింది" అనేవాడు. పొగుడుతున్నట్టే ఉంటుంది, చివరికి నా జానెడు తేడా ఊరంతా తెలుస్తుంది. పైగా చెప్పేటప్పుడు నా మొహం చూడడు. నా నెత్తి మీదుగా గోడకేసి చూస్తూ చెప్తాడు. ఎదురుగా ఉన్నవాడి కళ్ళలోకి చూసే ధైర్యం లేదని నేను లోపల్లోపల ఉడికిపోయేవాణ్ణి. ఒకసారి అత్తగారే, "ఇవాళ పెద్దబాబుని ఆ కుర్చీలో కూర్చోనివ్వండి, నడుం నొప్పంటున్నారు" అంటే, "నాకు ఇక్కడే బావుంటుందండీ" అని కదల్లేదు మహానుభావుడు! బదులుగా పక్కగది నుంచి దిండు తెచ్చి నా నడుం వెనక పెట్టాడు. ఒళ్ళు మండిపోయింది.

ఏ మాటకా మాటే చెప్పాలి. షెడ్డు కిరాయి కట్టలేక మూసేద్దామనుకున్నప్పుడు, మిగతా వంతెనల నమూనాలన్నీ నాకే ఇప్పించాడు. ఫోను చేస్తే ముందు "రెక్కలు కలిశాయా, అన్నయ్యా?" అనేవాడు. అంటే బావున్నారా అని. నేను "నీ దయ" అని ముక్తసరిగా అనేవాణ్ణి. ఇప్పుడు నా ఫోను మోగితే ఎవరెవరో మాట్లాడుతున్నారు, బావున్నారా అనే అడుగుతున్నారు.

మొన్న మామగారింట్లోనే పదకొండో రోజు కార్యక్రమాలయ్యాయి. అతని ఆఫీసు వాళ్ళంతా వచ్చారు, ఒక్కొక్కరూ అతని గురించి ఒక్కో మంచి మాట చెప్పి ఏడుస్తున్నారు. నేను పోతే మా వడ్రంగి తప్ప ఎవరొస్తారని లెక్క వేసుకున్నాను, అది కూడా అసూయే. అందరూ వెళ్ళాక నేను అలవాటుగా దివాన్ వైపు నడిచాను. మామగారు లేచి, కండువాతో పేము కుర్చీని దులిపారు.

"రా బాబూ, కూర్చో" అన్నారు.

ఇన్నేళ్ళు కోరుకున్న మాట. దివాన్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆయనే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. పేము కిర్రుమంది. తల ఎత్తాను.

ఎదురుగా దివాన్ పైన గోడ మీద, దేవుడి పటాలకూ బ్యాంకు క్యాలెండరుకూ మధ్య, ఒక చిన్న ఫోటో. నా వంతెన. ఆ రోజు వాళ్ళ స్క్రీన్ మీద కనబడింది కనబడినట్టు, రెక్కలు దించుకుని, సముద్రమంత నది మీద. నేను దాని కిందే కూర్చుని ఎప్పుడూ ఈ కుర్చీకేసే చూశాను గానీ, వెనక్కి తిరిగి గోడ చూసిన పాపాన పోలేదు.

"వాడే ఫ్రేము కట్టించి తగిలించాడు" అన్నారు మామగారు. "ఇక్కణ్ణుంచి అయితే సరిగ్గా కనిపిస్తుందని ఆ కుర్చీ వదిలేవాడు కాదు. నీకు చెప్పలేదూ?"

చెప్పలేదు. చెప్పకుండా పోయాడు. పోట్లాడదామంటే మనిషి లేడు. వాడి నీచత్వం మీద నేను పెట్టుకున్న ఆశలన్నీ ఒక్క ఫోటోతో పోగొట్టాడు, నాకు ఇంకా కుళ్ళుగానే ఉంది, కుళ్ళుతోనే బావురుమన్నాను.

అత్తగారు కాఫీ తెచ్చి చేతిలో పెట్టారు. పొగలు కక్కుతోంది. గోడ మీద వంతెన, దాని కింద దివాన్. ప్రతి ఆదివారం అతను చూసింది ఇదే. అప్పుడు వంతెన కింద మొహం ముడుచుకుని నేను కూడా ఉండేవాణ్ణి. ఇప్పుడు దివాన్ మీద ఆ దిండు ఒక్కటే ఉంది.