చూసి వాయించడం నేర్చుకున్న ఏడాది

కాగితం మీద స్వరాలు చూసి అక్కడికక్కడే వాయించడం పుట్టుకతో వచ్చే విద్య అని చాలామంది అనుకుంటారు. కాదని నేను గట్టిగా చెప్పగలను. నాకది ముప్పై ఏడో ఏట వచ్చింది.

మా నాన్న టాటానగర్‌లో రైల్వే ఉద్యోగి. చిన్నప్పుడు నన్ను అదే ఊళ్లోని కద్మా పేటలో ఒక టీచరు దగ్గర పియానోకి పంపేవారు. ఏ పాటైనా ఆవిడ రెండుసార్లు వాయిస్తే చాలు, నా వేళ్లకు వచ్చేసేది. ఎదురుగా కాగితం ఉండేది, పేజీలు కూడా తిప్పేదాన్ని. చదవడం మాత్రం లేదు. ఆ సంగతి ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు.

పెద్దయ్యాక ఆ ఊళ్లోనే అగ్రికో కాలనీలో ఆదివారాలు కలిసి వాయించే ఒక చిన్న బృందంలో చేరాను. ఒకరోజు ఎవరూ వినని కొత్త పాట పంచారు. రెండో వరుసలోనే నా చేతులు ఆగిపోయాయి. నన్ను చూసి అందరూ ఆగారు, క్లారినెట్ వాయించే ఆయన తప్ప. ఆయనది శ్రీకాకుళం వైపు కుటుంబం, గోవింద్‌పూర్‌లో ఫిట్టరు పని. పాట చివరిదాకా వాయించి, అప్పుడు తలెత్తి చూశారు.

సిగ్గు విడిచి అడిగాను. "అన్నా, మీకెలాగ వత్తంది?"

ఆయన కాగితం మీద రెండు నిలువు గీతల మధ్య గడిని వేలితో చూపించారు. "నువ్వు వాయిత్తన్న గడినే సూత్తన్నావమ్మా. అదైపోనాది కదా. నేను దాని తరవాత గడి సూత్తన్నాను."

"తప్పు పోతే?"

"పోనీ, ఛోడ్ దో. తాళం ఆపకు. ఎనక్కెల్లి దిద్దకు."

కుర్రతనంలో ఆయన వాయించిన బ్యాండులో వారానికో కొత్త పాట ఉండేదట. ముందు వాయించి వినిపించేవాళ్లు లేరు, చదివి తీరాలి. నాకేమో మంచి చెవి ఉండటమే అడ్డొచ్చింది.

ఆ తరవాత ప్రతి ఆదివారం గంట ముందే వచ్చి నా పక్కన కూర్చునేవారు. నేను ఒక గడి మొదలుపెట్టగానే దాన్ని పోస్టుకార్డుతో కప్పేసేవారు. పిల్లలు వాయించే తేలిక పాటలే, ఒక్కోటి ఒక్కసారే. రెండోసారి అడిగితే "వద్దు, చెవి పట్టేత్తాది" అనేవారు. మొదట్లో ఏడుపొచ్చింది. మూడు నెలలకు స్వరాలు విడివిడిగా కాక గుత్తులుగా కనిపించసాగాయి.

ఆ చలికాలంలో మా బృందం కార్యక్రమంలో, వేదిక ఎక్కే ముందు ఆరోజు పాడే గాయని పాట మార్చి కొత్త కాగితం చేతికిచ్చింది.

"హో జాయేగా?" అంది, వాయించగలవా అన్నట్టు.

"హో జాయేగా," అన్నాను.

రెండు చోట్ల స్వరాలు అందక వదిలేశాను. నేను ఆగలేదు. ఆమె గొంతూ తడబడలేదు.

కిందికి దిగాక క్లారినెట్ అన్న దగ్గరికొచ్చారు. "మూడో పేజీలో రెండు మింగేసినావు."

"అవునన్నా."

"అలాగే మింగాల," అన్నారాయన.